‘రెడీ ప్లేయర్ వన్’ ఎందుకు నిరాశపరిచిందన్న ప్రశ్నకు

మీరు అడిగినది ఇది. చిన్నప్పటి నుంచి వీడియో గేములు ఆడుతూ పెరిగిన మీ చేత, ఆటల మీద వచ్చిన నవలల్లో అందరూ ముందుగా పేరు చెప్పే ‘రెడీ ప్లేయర్ వన్’ను మిత్రులు పట్టుబట్టి చదివించారు. మొదటి వంద పేజీలు ఆత్రంగా చదివారు, ఆ తరువాత విసుగు మొదలైంది, పుస్తకం ముగించేసరికి ఎవరో మోసం చేసినట్లు అనిపించింది. లోపం మీలోనే ఉందా, 1980ల నాటి అమెరికా మీకు తెలియకపోవడంలో ఉందా, లేక ఆటను నవలగా రాయడమే అసాధ్యమా అన్నది మీ సందేహం. రెండవ భాగం చదవవచ్చా, సినిమా చూడవచ్చా అని కూడా చివరలో అడిగారు.

నేను హైదరాబాదులో పదిహేడేళ్లుగా ఆటల తయారీలో ఉన్నాను. మొదటి నాలుగేళ్లు టెస్టర్‌గా, ఆ తరువాత లెవెల్ డిజైనర్‌గా, అంటే ఆటలో ఒక్కో దశను రూపొందించేవాడిగా పని చేశాను. ఈ నవలను మూడుసార్లు చదివాను: మొదటిసారి ఇష్టంగా, రెండవసారి అనుమానంగా, మూడవసారి ఈ మధ్యనే, చేతిలో పెన్సిల్ పట్టుకుని. మీకు కలిగిన నిరాశే నాకూ కలిగింది. దానికి కారణం మీరు అనుకుంటున్న మూడింటిలో ఏదీ కాదని నా అభిప్రాయం. అది చెప్పడానికి కొంచెం చోటు కావాలి.

ముందుగా, నవల చదవనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. ఎర్నెస్ట్ క్లైన్ రాసిన ఈ నవల 2011లో అమెరికాలో వెలువడింది. కథాకాలం ఈ శతాబ్దం నడిమి రోజులు. ఇంధనం అడుగంటి, వాతావరణం చెడి, పనులు దొరకని ఆ ప్రపంచంలో జనం ఒయాసిస్ అనే కల్పిత లోకంలో, కళ్లకు తొడుగు, చేతులకు గ్లోవ్స్ తగిలించుకుని బతుకుతుంటారు. ఆ లోకాన్ని నిర్మించిన జేమ్స్ హాలిడే చనిపోతూ, అందులో తాను ఒక ఈస్టర్ ఎగ్ (ఆట లోపల ఎవరికీ చెప్పకుండా పెట్టే రహస్యం) దాచిపెట్టానని, మూడు తాళపుచెవులు సంపాదించి మూడు ద్వారాలు దాటి దాన్ని ముందుగా చేరుకున్నవారికి తన ఆస్తీ, కంపెనీ మీద అధికారమూ దక్కుతాయని ప్రకటించి పోతాడు. హాలిడే 1980లలో పెరిగినవాడు కాబట్టి అతడు వేసిన చిక్కుముడులన్నీ ఆనాటి ఆటల్లో, సినిమాల్లో, పాటల్లో ముడిపడి ఉంటాయి. ఓక్లహామా సిటీలో, ట్రెయిలర్ ఇళ్లను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన మురికివాడలో బతికే వేడ్ వాట్స్ అనే కుర్రవాడు ఈ వేటలో దిగుతాడు. ఐఓఐ అనే పెద్ద కంపెనీ జీతగాళ్లను పెట్టి అదే వేట సాగిస్తుంటుంది.

మొదటి వంద పేజీలు మీకు నచ్చడంలో ఆశ్చర్యం లేదు, నాకు ఇప్పటికీ నచ్చుతాయి. తుక్కు కుప్పలో కూరుకుపోయిన పాత వ్యానులో దాక్కుని, వ్యాయామ సైకిలు తొక్కి బ్యాటరీలు ఛార్జి చేసుకుంటూ, ఆ వెలుగులో ఒయాసిస్‌లోకి వెళ్లే కుర్రవాడి బతుకును రచయిత స్పష్టంగా చూశాడు. అంతకన్నా ముఖ్యమైన విషయం, వేడ్ ఆ కల్పిత లోకంలో కూడా పేదవాడే. ఒయాసిస్ నిండా వేల గ్రహాలు, ఒక గ్రహం నుంచి మరొక గ్రహానికి వెళ్లడానికి డబ్బు కావాలి. అది లేక, అతడు బడి ఉన్న గ్రహం దాటి పోలేడు. మిగతా వేటగాళ్లు వేల గ్రహాలు గాలిస్తుంటే ఇతడు తరగతి గదిలో కూర్చుని ఉంటాడు. ఐదేళ్లుగా ఎవరికీ దొరకని మొదటి తాళపుచెవి, చేతిలో పైసా లేని విద్యార్థి కూడా నడిచి వెళ్లగలిగినంత దూరంలో, ఆ బడి గ్రహం మీదనే ఉందని తేలుతుంది. మా పనిలో ఉన్న ఎవరినైనా అడగండి, ఇది మంచి లెవెల్ డిజైన్ అంటారు. ఆటగాడి చేతులు కట్టేసిన నిబంధనే అతనికి దారి చూపించింది. నవల ఇలాగే సాగుతుందని మీరు ఆశపడ్డారు. నేనూ ఆశపడ్డాను.

సాగలేదు. మొదటి ద్వారం తెరుచుకోగానే వేడ్ ‘వార్‌గేమ్స్’ అనే 1983 నాటి సినిమాలోకి అడుగు పెడతాడు. అక్కడ అతడు చేయవలసిన పని, కథానాయకుడి స్థానంలో నిలబడి ఆ సినిమాలోని సంభాషణలన్నీ తప్పు లేకుండా ఒప్పజెప్పడం. సరిగా చెబితే స్కోరు పెరుగుతుంది, తడబడితే తగ్గుతుంది. మూడవ ద్వారంలో మరొక సినిమాతో ఇదే పరీక్ష మళ్లీ వస్తుంది. మీ విసుగు మొదలైన చోటు ఇదేనని నా ఊహ. ఆ సన్నివేశంలో వేడ్ వేరే మాట అనడానికి వీలు లేదు, వేరే తలుపు తీయడానికి వీలు లేదు. ఎదుటివాడు ఏమంటాడో అతనికి ముందే తెలుసు, తాను ఏమనాలో కూడా ముందే తెలుసు. ఎక్కాలు అప్పజెప్పే పిల్లవాడికి ఉండే ఆందోళన తప్ప మరే ఆందోళనా అతనికి లేదు, చదువుతున్న మనకు అది కూడా లేదు.

నా వాదనంతా ఇక్కడే ఉంది. ఆట అంటే ఆడేవాడు తీసుకునే నిర్ణయం. నియమాలు ఉంటాయి, గడువు ఉంటుంది, ముందు ఏముందో సగమే తెలుస్తుంది, ఆ సగంతోనే ఇటు వెళ్లాలా అటు వెళ్లాలా అని తేల్చుకోవాలి, తేల్చుకున్నదానికి ఫలితం అనుభవించాలి. ఈ నవలలో ఆటల పేర్లు వందల కొద్దీ ఉన్నాయి, విడుదలైన సంవత్సరాలు ఉన్నాయి, తయారు చేసిన కంపెనీల పేర్లు ఉన్నాయి. కానీ ఆ ఆటలు ఆడేవాడిని ఎలాంటి సంకటంలో పెడతాయో, ఆ సంకటంలో అతడి మనసు ఎటు ఒరుగుతుందో చాలా అరుదుగా కనిపిస్తుంది. వేడ్ గెలవడానికి కారణం బాగా ఆలోచించడం కాదు, బాగా గుర్తుపెట్టుకోవడం. ఆటను ప్రేమించే మీకు, ఆటల మీద రాసిన పుస్తకంలో ఆట కనపడకపోతే కోపం రావడం న్యాయమే.

ప్యాక్-మ్యాన్ సంగతి తీసుకోండి. నవలలో ఒకచోట వేడ్ ఒక పాత ప్యాక్-మ్యాన్ యంత్రం ముందు నిలబడి పరిపూర్ణమైన ఆట ఆడతాడు, 3,333,360 పాయింట్లు సాధిస్తాడు, బహుమతిగా ఒక నాణెం దొరుకుతుంది. ఆ నాణెం తరువాత అతడి ప్రాణం కాపాడుతుంది. కథ నడపడానికి అది బాగానే పనికొచ్చింది. కానీ ఆ స్కోరు వెనుక ఉన్నదేమిటో చూడండి. 1980లో జపాన్‌లోని నామ్కో సంస్థలో తోరు ఇవతాని బృందం చేసిన ఈ ఆటలో మీరు చిట్టడవిలో చుక్కలు తింటూ దయ్యాలను తప్పించుకోవాలి, ఆ నాలుగు దయ్యాలకు నాలుగు బుద్ధులు. ఎర్రది మీ వెంటే పడుతుంది. గులాబీ రంగుది మీరు ఉన్న చోటికి కాక, మీరు వెళుతున్న దిక్కులో నాలుగు గడుల ముందుకు గురిపెడుతుంది. నారింజ రంగుది దూరంగా ఉన్నప్పుడు తరుముకొస్తుంది, బాగా దగ్గరకు వచ్చాక మనసు మార్చుకుని తన మూలకు పారిపోతుంది. నీలి రంగుది ఎర్రది ఎక్కడుందో చూసుకుని దాన్ని బట్టి లెక్క వేసుకుంటుంది. ఇవన్నీ కలిసి వెంటాడి, కాసేపటికి ఒక్కసారిగా చెదిరి నాలుగు మూలలకూ పోతాయి, మళ్లీ వెంటాడతాయి. ఒక్కో చిట్టడవిలో 244 చుక్కలు. మామూలుగా పెద్ద చుక్క తింటే దయ్యాలు కాసేపు నీలంగా మారి మీకు ఆహారమవుతాయి, పై లెవెళ్లకు పోయాక అలా మారడం కూడా మానేస్తాయి, అప్పటి నుంచి మీరు తప్పించుకోవడమే తప్ప తిరిగి కొట్టడం లేదు. లెవెల్ సంఖ్యను 255 వరకే పట్టే ఎనిమిది బిట్లలో దాచడం వల్ల 256వ తెర వచ్చేసరికి ఆ లెక్క తప్పి, తెరలో కుడి సగం అర్థం లేని అక్షరాలతో నిండిపోతుంది. అక్కడితో ఆట ముగియదు, ఆడడానికి వీలు లేకుండా పోతుంది.

ఆ స్కోరు సాధించడానికి గంటల తరబడి, ఒక్క ప్రాణం పోకుండా, ప్రతి పండూ తింటూ, దయ్యాలు నీలంగా మారిన ప్రతిసారీ నాలుగింటినీ మింగుతూ ఉండాలి. నలభై నిమిషాలు అదే పని చేస్తే చూపుడు వేలి మొదట్లో నొప్పి మొదలవుతుంది, కన్ను ఆర్పడం మరచిపోతాము, వెనుక ఎవరో పిలుస్తున్నా వినపడదు. ఒకసారి మూల తిరిగేటప్పుడు జాయ్‌స్టిక్‌ను రెప్పపాటు ఆలస్యంగా తిప్పితే, గంటల శ్రమ పోతుంది. రాయదలచుకున్నవాడికి ఇంతకన్నా పెద్ద నిధి ఎక్కడ దొరుకుతుంది? నవల మాత్రం ఆ గంటలను కొద్ది మాటల్లో దాటించి, అంకె చెప్పి, నాణెం చేతిలో పెట్టి ముందుకు పోతుంది. మనకు స్కోరు తెలిసింది, ఆట తెలియలేదు.

ఇక మీ రెండవ సందేహం. 1980ల అమెరికా తెలియకపోవడం వల్లనే మీకు ఇది ఎక్కలేదన్న మాట మీ మిత్రులది కాబోలు. నేను ఒప్పుకోను. ఆ దశాబ్దంలో మన ఇళ్లలో అటారీ ఆట యంత్రం లేదు, నిజమే. మాకు ఆటలు 1990లలో, ఎనిమిది బిట్ల నకలు కన్సోళ్ల మీద, పసుపుపచ్చ కేసెట్ల రూపంలో వచ్చాయి. గంటకు ఇంత అని తీసుకునే వీడియో గేమ్ షాపులో చెక్క స్టూలు మీద ముగ్గురం ఇరుక్కుని కూర్చుని ‘కాంట్రా’ ఆడేవాళ్లం. కానీ తెలియని లోకాన్ని తెలిసేలా చేయడమే కదా నవలాకారుడి పని. వేట తెలియనివారికి కూడా వేట కథలు ఊపిరి బిగబట్టేలా ఉంటాయి. ఈ నవలలో పేరు చెప్పగానే పాఠకుడి జ్ఞాపకం లేచి మిగతా పని తానే చేసిపెట్టాలని రచయిత ఆశిస్తాడు. ఆ జ్ఞాపకం ఉన్నవారికి పాత మిత్రుడు కనిపించినంత సంతోషం కలుగుతుంది, అది అబద్ధపు సంతోషమని నేను అనను. అయితే ఆ సంతోషం పాఠకుడు ఇంటి నుంచి తెచ్చుకున్నది, పుస్తకం ఇచ్చినది కాదు.

ఆటను రాయడం అసాధ్యమా అన్న మీ మూడవ సందేహానికి మన దగ్గరే సమాధానం ఉంది. మహాభారతంలో ద్యూతసభను గుర్తు తెచ్చుకోండి. అక్కడ పాచికలు ఎలా దొర్లాయన్న వర్ణన మీద కథ నిలబడలేదు. ధర్మరాజు ఒక పణం చెబుతాడు, శకుని గెలిచానంటాడు, మళ్లీ పణం, మళ్లీ ఓటమి. సంపద పోయింది, రాజ్యం పోయింది, తమ్ముళ్లు పోయారు, తాను పోయాడు. ప్రతి పణానికీ ముందు అతడు ఆగిపోవడానికి ఒక క్షణం ఉంది, ఆ క్షణంలో అతడు ఆగలేదు. పాచికల ఆట రాని మనకు కూడా గుండె దడదడలాడేది అందుకే. ఏం ఒడ్డుతున్నాడో, ఎందుకు ఆగలేకపోతున్నాడో మనకు తెలుసు.

దీనికన్నా చిన్న ఉదాహరణ ఒకటి, నా కళ్ల ముందు జరిగినది చెబుతాను. మా అమ్మమ్మ వేసవి మధ్యాహ్నాల్లో అరుగు మీద సుద్దతో గీతలు గీసి పులిజూదం ఆడేది. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. మేకలను ఒక్కొక్కటిగా దింపుతూ పులులను కదలకుండా కట్టేయాలి, పులి దూకి మేకను తినేయకుండా కాచుకోవాలి. మేకలు ఎప్పుడూ ఆమెవే. పన్నెండవ మేకనో పదమూడవ మేకనో పట్టుకుని ఆమె చింతగింజను వేళ్ల మధ్య తిప్పుతూ చాలాసేపు ఉండిపోయేది. ఆ తరువాత దాన్ని సరిగ్గా నా పులి నోటికి అందేచోట పెట్టేది. నేను సంబరంగా దూకి తినేవాణ్ణి. అప్పుడు తెలిసేది, ఆ ఒక్క దూకుడుతో నా పులి మూలకు పోయిందని, వెనక్కి రావడానికి దారి లేదని. ‘ఒకటి పోతేగానీ మంద మిగలదురా’ అనేది. తొమ్మిదేళ్ల వయసులో ఆ మాట నాకు అర్థం కాలేదు. ఐదుగురు పిల్లలను పెంచిన మనిషి, ఏది వదులుకుంటే ఏది నిలుస్తుందో జీవితమంతా లెక్క వేసుకున్న మనిషి, ఆ గింజను వేళ్ల మధ్య తిప్పుతున్న ఆ కాసేపటిలో కనిపించేది. రచయితకు కావలసినది ఆ కాసేపు. వీడియో గేములోనైనా అంతే. తెర మీద వెలుగుతున్న చుక్కకు, మీట మీద వేలికి మధ్య మనిషి ఒక్క క్షణం బయటపడతాడు, ఆ క్షణాన్ని పట్టుకుంటే ఆట పేరు తెలియనివారికి కూడా అందుతుంది.

ఆ నవలలోనే అలాంటి అవకాశాలు పుష్కలంగా ఉన్నాయి, అందుకే నా నిరాశ ఎక్కువ. మొదటి తాళపుచెవి కోసం వేడ్ ఒక మృత మాంత్రికుడితో ‘జౌస్ట్’ అనే ఆట ఆడతాడు. 1982లో విలియమ్స్ సంస్థ తెచ్చిన ఆ ఆటలో ఉష్ట్రపక్షి మీద ఎక్కిన యోధుడు మనం. ఒక్కో నొక్కుడుకూ పక్షి ఒక్కోసారి రెక్క కొడుతుంది. ఇద్దరు ఢీకొన్నప్పుడు ఎవరి ఈటె ఎత్తులో ఉంటే వారిదే గెలుపు, బలంతో పని లేదు. ఇద్దరు కలిసి ఆడేటప్పుడు దాని అందం బయటపడుతుంది. ఒక వంతులో తోటివాణ్ణి కొట్టకుండా ఉంటే ఇద్దరికీ అదనపు పాయింట్లు వస్తాయి. మరొక వంతులో తోటివాణ్ణి ముందుగా పడగొట్టినవాడికే పాయింట్లు వస్తాయి. క్షణం కిందట పక్కన ఎగిరిన స్నేహితుడి కంటే ఒక్క రెక్క ఎత్తుకు పోవాలా వద్దా అన్న ప్రశ్న ఆ ఆటలోనే ఉంది. వేటలో స్నేహితులే పోటీదారులైన ఈ నవలకు ఇంతకంటే తగిన ఆట దొరకదు. రచయిత దాన్ని చేతికి తీసుకున్నాడు, మొదటి తాళపుచెవి గెలవడానికి వాడాడు, అక్కడే వదిలేశాడు.

అసలు గాయం మాత్రం ఈస్టర్ ఎగ్ దగ్గర ఉంది. నవలకు ప్రాణం పోసిన ఆ ఆలోచన నిజంగా జరిగిన ఒక సంఘటన నుంచి వచ్చింది, నవలలో ఆ ప్రస్తావన కూడా ఉంది. అటారీ సంస్థలో వారెన్ రాబినెట్ అనే యువకుడు ‘అడ్వెంచర్’ అనే ఆటను ఒంటరిగా రాశాడు. మొత్తం ఆట 4 కిలోబైట్ల చిప్‌లో ఇమడాలి. యంత్రంలో పనికి దొరికే జ్ఞాపకశక్తి 128 బైట్లు. ఆ ఇరుకులో అతడు కోటలు, చిట్టడవులు, మూడు డ్రాగన్లు, దేనినైనా ఎత్తుకుపోయే ఒక గబ్బిలాన్ని పెట్టాడు. మీరు ఒక చిన్న చదరపు ముక్క. డ్రాగన్ మింగితే దాని కడుపులో కూర్చుని కనిపిస్తారు. ఆ డ్రాగన్‌నే గబ్బిలం ఎత్తుకుపోతే, కడుపులో ఉన్న మీరు కూడా గది తరువాత గది దాటుతూ ఆ రాజ్యమంతా తిరిగి వస్తారు. అంత తక్కువ చోటులో అంత జీవం ఉన్న ఆటను నేను మరొకటి చూడలేదు.

అప్పట్లో ఆ సంస్థ తన ఆటల మీద రాసినవారి పేర్లు వేసేది కాదు. ఆ బాధతోనే 1979లో నలుగురు ప్రోగ్రామర్లు బయటికి వచ్చి యాక్టివిజన్ స్థాపించి, ఆట తయారు చేసినవారి పేరును ప్రకటించడం మొదలుపెట్టారు. రాబినెట్ మరొక దారి పట్టాడు. ఎవరికీ చెప్పకుండా, నేల రంగులో కలిసిపోయే ఒక్క చుక్కను ఆటలో దాచాడు. దాన్ని కనిపెట్టి, సరైన గదికి మోసుకుపోతే గోడ దారి ఇస్తుంది, లోపలి గదిలో ఆట సృష్టికర్త వారెన్ రాబినెట్ అన్న అక్షరాలు రంగులు మారుతూ నిలువునా కనిపిస్తాయి. ఆ సంగతి అతడు తోటివారికి కూడా చెప్పలేదు. అతడు ఉద్యోగం వదిలి వెళ్లాక, ఒక పదిహేనేళ్ల పిల్లవాడు కనిపెట్టి సంస్థకు ఉత్తరం రాస్తే బయటపడింది. చిప్‌ను మార్చడం ఖర్చుతో కూడిన పని కావడంతో వాళ్లు దాన్ని అలాగే ఉంచారు, అక్కడి నుంచే ఈస్టర్ ఎగ్ అన్న పేరు ఆటల్లో స్థిరపడింది.

అంటే మొట్టమొదట పేరు పొందిన ఆ ఈస్టర్ ఎగ్, పనివారి పేర్లు యజమాని వేయని చోట ఒక పనివాడు దొంగతనంగా పెట్టుకున్న సంతకం. నవలలో అది ఏమైందో చూడండి. ప్రపంచంలోకెల్లా ధనవంతుడైన యజమాని, తాను ప్రేమించిన పాటలనూ సినిమాలనూ ఆటలనూ ఎవరు ఎక్కువగా కంఠస్థం చేశారో పరీక్షించి, వాడికి తన సింహాసనం ఇచ్చిపోయే వీలునామా అయింది. గుర్తింపు దక్కని మనిషి గొంతు, గుర్తింపు తప్ప మరేదీ లేని మనిషి ఆజ్ఞగా మారిపోయింది. రాబినెట్ కథను గౌరవంగా తలచుకున్న రచయిత ఈ తారుమారును ఎందుకు గమనించలేదో నాకు మూడుసార్లు చదివినా అర్థం కాలేదు. గమనించి ఉంటే హాలిడే మీద వేడ్‌కు ఒక్కసారైనా కోపం వచ్చేది, ఒయాసిస్‌ను నిజంగా కట్టిన వేల మంది పేర్లు ఎక్కడున్నాయని ఒక్కసారైనా అడిగేవాడు.

ఈ విషయం నాకు ఇంత పట్టడానికి సొంత కారణం ఉంది. నేను టెస్టర్‌గా చేరిన మొదటి ఏడాది, విదేశీ సంస్థ ఒకటి అప్పగించిన ఆటకు మేము గోడలు, వీధులు, సామాన్లు చేసి ఇచ్చేవాళ్లం. ఆట చివర వచ్చే క్రెడిట్స్‌లో మా పేర్లు వేయరని ఒప్పందంలోనే ఉంది. నా పని ఆ వీధుల్లో ఆటగాడి బొమ్మను ప్రతి గోడకూ ఆనించి నడిపిస్తూ, ఎక్కడైనా సందు ఉండి లోపలికి పడిపోతుందేమో చూడడం. రోజుకు ఎనిమిది గంటలు గోడలే చూసేవాణ్ణి. ఒక సాయంత్రం, నీళ్ల తొట్టి వెనుక, ఆటగాడు వెళ్లడానికి ఏ కారణమూ లేని మూలలో, రెండు రాళ్ల మధ్య సున్నంలో గోటితో గీసినట్లు ఒక తెలుగు అక్షరం కనిపించింది. ‘ల’. ఆ గోడ చేసిన సహోద్యోగి తల్లి పేరులో మొదటి అక్షరం అది. ఆ తల్లి ఆ చలికాలంలోనే పోయింది. నిబంధన ప్రకారం దాన్ని బగ్‌గా, అంటే లోపంగా నమోదు చేయాలి. ఫారం తెరిచి, గది సంఖ్య, గోడ సంఖ్య నింపి, తెర చిత్రం కూడా జోడించాను. ఆ తరువాత అన్నీ చెరిపి, పక్క గోడకు వెళ్లిపోయాను. ఆ ఆట ఇప్పటికీ అమ్ముడవుతోంది, ఆ అక్షరం అక్కడే ఉంది. మా ఇద్దరి మధ్య ఆ సంగతి ఎన్నడూ మాటల్లోకి రాలేదు. ఆటలో ఏదైనా దాచడమంటే ఏమిటో నాకు తెలిసింది అప్పుడే, ఆ తెలివితో నవల చదివితే హాలిడే దాచినదంతా పైపై అలంకారంలా కనిపిస్తుంది.

నవలకు అన్యాయం చేయకూడదు కాబట్టి ఇంకొక మాట కూడా చెప్పాలి. చివరి భాగంలో వేడ్ కావాలని అప్పుల కేసులో పట్టుబడి, ఐఓఐ సంస్థలో వెట్టి పనివాడిగా చేరే అధ్యాయాలు నిజంగా బలమైనవి. అప్పు తీర్చలేనివారిని ఆ సంస్థ ఎత్తుకొచ్చి, గూటిలాంటి గదుల్లో పెట్టి, పగలంతా ఫోనులో కస్టమర్లకు సాంకేతిక సహాయం చెప్పిస్తుంది. తిండికీ పడకకూ పట్టుకునే డబ్బుతో అప్పు తరగదు. హైదరాబాదులో రాత్రి షిఫ్టుల్లో ఫోను పట్టుకుని కూర్చున్న మనవాళ్లు ఎవరు చదివినా ఆ గదిని గుర్తుపడతారు. అక్కడ వేడ్‌కు కంఠస్థం చేసిన సంభాషణలు పనికిరావు. ఎప్పుడు నిద్ర నటించాలి, ఎప్పుడు కదలాలి, దొరికితే ఏమవుతుంది అన్నది ప్రతి క్షణం తేల్చుకోవాలి. పేరుకు అక్కడ ఆట లేదు, కానీ ఆటలో ఉండవలసినవన్నీ పుస్తకం మొత్తంలో నాకు నిండుగా దొరికినది అక్కడే. మీరు విసుగుతో పేజీలు తిప్పేసి ఉంటే, ఆ అధ్యాయాలను మళ్లీ చదవమని కోరుతాను.

స్త్రీ పాత్రల సంగతి ఎక్కువ చెప్పను. వేటలో పోటీదారు, వేడ్ ప్రేమించే అమ్మాయి అయిన ఆర్టెమిస్ తెలివిగా మొదలై చివరికి బహుమతిగా మిగులుతుంది. ఒయాసిస్‌లో వేడ్ ప్రాణస్నేహితుడైన ఏచ్ అసలు ఎవరో తెలిసే సన్నివేశం ఒక నవలకు సరిపోయేంత బరువున్నది. తెల్లజాతి కుర్రవాడి రూపం వెనుక ఉన్న నల్లజాతి అమ్మాయి, ఆ వేషం వేసుకోవడం మేలని సొంత తల్లి చెప్పగా వేసుకున్న అమ్మాయి ఆమె. అది కొద్ది పేజీల్లో తేలిపోతుంది. ముగింపులో వేడ్‌కు తిరిగి ఒయాసిస్‌లోకి వెళ్లాలనిపించదని చదివినప్పుడు నాకు కష్టంగా అనిపించింది. పుస్తకమంతా ఆ లోకంలోని వస్తువుల జాబితాను అంత మురిపెంగా చదివించి, ఆఖరి పుటలో బయటి ప్రపంచమే మేలని చెబితే ఎవరు నమ్మాలి?

సినిమా చూడండి. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 2018లో తీసిన ఆ సినిమాలో చాలా మార్పులు చేశారు. మొదటి పరీక్ష కార్ల పందెం. అందరూ ముందుకు పరుగెత్తి ఓడిపోతుంటే వేడ్ బయలుదేరే గీత దగ్గరే కారును వెనక్కి నడుపుతాడు, దారి తెరుచుకుంటుంది. అది ఆటగాడి ఆలోచన. చివరన అటారీ యంత్రం ముందు అతడు ‘అడ్వెంచర్’ ఆడేటప్పుడు, గెలవడం కాదు, ఊరికే తిరుగుతూ చుక్కను వెతకడమే అసలు పని అని కనిపెట్టే తీరు కూడా నాకు నచ్చింది. 2020లో వచ్చిన రెండవ భాగం ‘రెడీ ప్లేయర్ టూ’ మాత్రం మొదటిదానిలోని జాబితాల అలవాటును మరింత పెంచింది. ఏడు ముక్కల కోసం మళ్లీ వేట, మళ్లీ హాలిడే కాలం నాటి ఇష్టాలే. మొదటిది మీకు ఎందుకు నచ్చలేదో చెప్పిన కారణాలు అక్కడ రెట్టింపు అవుతాయి, కాబట్టి ఆ సమయం మరొకదానికి ఇవ్వండి.

దేనికి ఇవ్వాలని మీరు అడగలేదు, అయినా చెబుతాను. 1980లో అటారీలో డేవ్ థ్యూరర్ చేసిన ‘మిసైల్ కమాండ్’ ఆడండి. ఆరు నగరాల మీద క్షిపణులు కురుస్తుంటాయి, మీ చేతిలో మూడు స్థావరాలు ఉంటాయి. దాన్ని గెలవడం సాధ్యం కాదు, ఏ నగరాన్ని వదులుకుని ఏ నగరాన్ని ఇంకాసేపు నిలపాలన్నదే మీ చేతిలో ఉన్నది. చివరి నగరం పోయాక, మామూలుగా వచ్చే ఆట ముగిసిందన్న మాటకు బదులు, అంతం అన్న ఒక్క మాట తెరను కప్పేస్తుంది. దాన్ని చేస్తున్న రోజుల్లో థ్యూరర్‌కు అణుయుద్ధం పీడకలలు వచ్చేవట. అరగంట ఆడితే, మీరు ఏ నగరాన్ని ముందుగా వదిలారో గుర్తుండిపోతుంది.

ఆ తరువాత ‘అడ్వెంచర్’ పెట్టుకోండి. పాత ఆటలను కంప్యూటరులో నడిపించే సాధనాలు ఉన్నాయి, మీకు నా కన్నా బాగా తెలిసి ఉంటాయి. చుక్క ఏ కోటలో ఉందో, ఏ గదికి మోసుకుపోవాలో పైన కావాలనే రాయలేదు. నల్ల కోట తాళం, వంతెన రెండూ దొరికాక మిగతాది మీరే చూసుకోగలరు. గబ్బిలం మీ చేతిలో వస్తువును ఎత్తుకుపోయినా, డ్రాగన్ మింగినా వెంటనే మళ్లీ మొదలుపెట్టకండి. కాసేపు ఆ కడుపులోనే కూర్చుని ఉండండి, గబ్బిలం వస్తుందేమో చూడండి.